కొత్తగా వార్డుకొచ్చిన సిస్టర్లకు: ముందు గాజులు తీయండి

హన్మకొండలో ఒక చిన్న దవాఖానలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూస్తాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు వార్డు డ్యూటీ చేశాను. జీఎన్‌ఎం (నర్సింగ్ కోర్సు) అయిపోయి కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజు నేను చెప్పే మాటలు ఇవి. జనగామలో చేరినా, భూపాలపల్లిలో చేరినా మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

నా మొదటి మాట ఎప్పుడూ ఒకటే. గాజులు, ఉంగరం, చేతి గడియారం తీసి లాకర్‌లో పెట్టి రండి. కొత్తగా పెళ్లయిన పిల్లలకు ఇది కష్టంగా ఉంటుంది. "అత్తమ్మ ఏమంటదో సిస్టర్" అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. తాళి తీయమని నేను ఎవరినీ అడగను, అది డ్రెస్సు లోపల ఉంటుంది. గాజుల సంగతి వేరు. ఒక పేషెంట్ పుండుకు కట్టు కట్టేటప్పుడు అవి దుప్పటికి తగులుతాయి, కట్టుకు తగులుతాయి, అటు నుంచి పక్క మంచం మీదికి పోతాయి. ఉంగరం కింద సబ్బు చేరదు. డ్యూటీ దిగి బట్టలు మార్చుకున్నాక గేటు దాటే ముందు మళ్లీ వేసుకోండి. ఆ అమ్మాయి వాళ్ల అత్తమ్మతో నేనే ఫోన్‌లో మాట్లాడాను. "పాణాలు కాపాడే పని గదా, తియ్యనీయుండ్రి" అన్నది ఆమె.

రెండోది చేతులు రుద్దుకోవడం. అందరూ వచ్చనే అనుకుంటారు. చెంచాడు మంచినూనెలో పసుపు కలిపి అరచేతిలో పోస్తాను, కళ్లు మూసుకుని శానిటైజర్ రాసుకున్నట్టే రుద్దుకోమంటాను. కళ్లు తెరిచి చూసుకుంటే అరచేతులు పచ్చగా ఉంటాయి. బొటనవేలు వెనక, వేళ్ల కొసలు, వేళ్ల సందులు మాత్రం దాదాపు అందరికీ తెల్లగానే మిగులుతాయి. నాడి పట్టుకునేది, సూది గుచ్చే చోటు తడిమి చూసేది ఆ వేళ్ల కొసలతోనే. ఇంట్లో మీరూ చేసి చూడండి, ఆ తర్వాత మర్చిపోరు.

శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, చేతులు ఆరేదాకా రుద్దాలి. సబ్బు నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. చేతికి మురికి, నెత్తురు కనిపిస్తే సబ్బే వాడాలి. విరేచనాల పేషెంట్ దగ్గర కూడా సబ్బే, ఎందుకంటే కొన్ని క్రిముల బీజాలు శానిటైజర్‌కు చావవు. గ్లోవ్స్ తీశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

ఎప్పుడెప్పుడు అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు వేళలు చెప్పింది. పేషెంట్‌ను ముట్టుకునే ముందు, ఇంజెక్షన్, డ్రెస్సింగ్ లాంటి శుభ్రమైన పనికి ముందు, నెత్తురు, మూత్రం లాంటివి తగిలే పని చేశాక, పేషెంట్‌ను ముట్టుకున్నాక, ఆయన మంచం, బల్ల ముట్టుకున్నాక. వీటిలో 'తర్వాత' ఎవరికీ చెప్పక్కర్లేదు, మన భయం మనతో కడిగిస్తుంది. తప్పిపోయేది 'ముందు'. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ పట్టుకున్నది దీన్నే. శవపరీక్షలు చేసిన చేతులతోనే డాక్టర్లు వచ్చి బాలింతలను పరీక్షించేవాళ్లు. ముట్టుకునే ముందు క్లోరిన్ సున్నం నీళ్లలో చేతులు కడిగించాడు, బాలింతల చావులు బాగా తగ్గిపోయాయి. మనం వాడే బ్లీచింగ్ పౌడర్ ఆ జాతిదే.

ఇప్పుడు క్యాన్యులా సంగతి, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టి ఉంచే చిన్న గొట్టం. ఇది నా తప్పు, అందుకే వివరంగా చెప్తాను. పదిహేనేళ్ల కింద వేరే దవాఖానలో చేసేటప్పుడు, పరకాల వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన తుంటి విరిగి వచ్చాడు. పత్తి ఏరే రోజులు, వార్డు నిండా జనం. "బిడ్డా, సూది కాడ సలుపుతుంది" అన్నాడు పొద్దున. పైన తెల్ల ప్లాస్టర్ మందంగా వేసి ఉంది. విప్పి చూడకుండా "తగ్గుతది బాపు" అని సెలైన్ మార్చి వెళ్లిపోయాను. మర్నాడు ఆయనకు చలి జ్వరం. ప్లాస్టర్ విప్పితే సూది చుట్టూ ఎర్రగా వాచి ఉంది, నొక్కితే చీము వచ్చింది. ఎన్నడు పెట్టారో తేదీ లేదు. తుంటికి కావాల్సిన ఆపరేషన్ వెనక్కి పోయింది, ఆయన కొడుకు చేను వదిలి ఇంకో రెండు వారాలు మంచం పక్కనే ఉన్నాడు.

అందుకే ఇప్పుడు మా వార్డులో క్యాన్యులా చుట్టూ చర్మం కనిపించేలా పారదర్శక డ్రెస్సింగే వేస్తాం. పెట్టిన తేదీ, టైము దాని మీదే రాస్తాం. షిఫ్టుకు ఒకసారైనా వంగి చూడాలి, వేలితో మెల్లగా తడమాలి, "సలుపుతుందా?" అని అడగాలి. ఎరుపు, వాపు, నొప్పి ఉంటే తీసేయాలి. మందు ఎక్కించే ముందు క్యాన్యులా మూతిని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. రౌండ్స్‌లో డాక్టరు గారిని రోజూ అడగండి: "సార్, ఇది ఇంకా అవసరమా?" యూరిన్ పైపుకూ ఇదే ప్రశ్న. ఆ సంచీ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలొద్దు. స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు పేషెంట్ కాళ్ల మధ్య పెట్టేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఆగదు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి, సెలైన్ పైపులు, గ్లోవ్స్, సూది తీసిన సిరంజీలు ఎర్ర సంచీలోకి, నెత్తురు అంటిన దూది, కట్టు పసుపు సంచీలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి. ముప్పావు నిండగానే మూతి కట్టేయాలి. ఈ రంగులు 2016 నాటి దవాఖాన చెత్త నిబంధనల్లోవి, గోడ మీద చార్ట్ ఉంటుంది. ఇది మన కోసం మాత్రమే కాదు, ఆ సంచీ ఎత్తే సఫాయి అక్క కోసం.

సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవద్దు, పిండొద్దు. సబ్బు నీళ్లతో కడిగి అదే నిమిషంలో ఇన్‌చార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు వీలైతే 2 గంటల్లోపు మొదలు కావాలి, 72 గంటలు దాటొద్దు, 28 రోజులు వాడాలి. తిడతారని దాచిపెట్టిన పిల్లలను చూశాను. తిట్టే ఇన్‌చార్జి ఉంటే నేరుగా డాక్టరు దగ్గరికి పోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో ఇవాళే చూసుకోండి.

నేల మీద నెత్తురు పడితే గ్లోవ్స్ వేసుకుని, పాత గుడ్డ కప్పి, దాని మీద 1 శాతం బ్లీచ్ పోసి 10 నిమిషాలు ఆగి తుడవాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది కాబట్టి లీటరు నీళ్లకు 33 గ్రాములు. 5 శాతం బ్లీచ్ ద్రవమైతే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. వార్డులో పొడి చీపురు వద్దు, దుమ్ము లేస్తుంది.

దగ్గేవాళ్లకు ముందు మాస్కు ఇచ్చి, కిటికీ తెరిచి, అప్పుడు పేరు అడగండి. టీబీ అని అనుమానం ఉంటే పేషెంట్‌కు మామూలు మాస్కు, మీకు ఎన్95.

అటెండెంట్లను కసురుకోకండి. ములుగు అవతలి నుంచి రెండు బస్సులు మారి, సద్దిమూట పట్టుకుని వస్తారు. "అవ్వా, మంచం మీద కూసోకు, గీ కుర్చీల కూసో. తాతను ముట్టే ముందు గీ మందు రాసుకో" అని చేసి చూపిస్తే చేస్తారు. "మేం మర్చిపోతే నువ్వు అడుగు" అని కూడా చెప్పండి. పోయిన నెల ఒక అవ్వ పెద్ద డాక్టరును ఆపి మరీ అడిగింది, "సారూ, చేతులు కడిగినవా?" అని. ఆయన వెనక్కి వెళ్లి కడుక్కుని వచ్చారు.

ఇక నేను మిమ్మల్ని ఎట్లా చూస్తానంటే, ప్రతి మంచం దగ్గర శానిటైజర్ సీసా మీద సోమవారం పొద్దున స్కెచ్ పెన్నుతో గీత గీసి తేదీ వేస్తాను. వారం తర్వాత వచ్చి చూస్తాను. మందు ఆ గీత దగ్గరే నిలబడి ఉన్న మంచం దగ్గర, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లతో కూచుని మాట్లాడతాను.