గోలీ మింగాక ఛాతీలో మంట: గ్యాస్ అనుకునే ముందు చూడాల్సినవి

సమస్య: రాత్రి గోలీ వేసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున రొమ్ము ఎముక వెనక పొడిచినట్టు నొప్పి. ఉమ్మి మింగినా ప్రాణం పోతోంది.

ముందు గుండె సంగతి తేల్చుకోండి. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఇవేవీ లేకపోయినా ఈసీజీ తీయించుకోవడమే మంచిది. మన హైదరాబాద్‌లో ఛాతీలో ఏమొచ్చినా ముందు గ్యాస్ అనేస్తాం, ఈనో కలుపుకుని తాగేస్తాం. కానీ ఎప్పుడూ ఎసిడిటీ లేని మనిషికి ఉన్నట్టుండి గుటక గుటకకీ నొప్పి వస్తుంటే, నిన్న మింగిన గోలీ ఏమిటో చూడాలి.

కారణం: ఎక్కువగా దొరికే దోషి డాక్సీసైక్లిన్ క్యాప్సూల్. మొటిమలకీ, కొన్ని రకాల జ్వరాలకీ రాస్తారు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, బాటిల్ అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లతో మింగి పక్క మీద వాలిపోతే అది కడుపుదాకా చేరదు. అన్నవాహిక మధ్యలో, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఆనుకుని వెళ్లే చోట దారి కాస్త ఇరుకు. అక్కడ అతుక్కుంటుంది. నమ్మకం లేకపోతే తడి వేళ్ల మధ్య ఒక క్యాప్సూల్ కాసేపు పట్టుకుని చూడండి, వదలదు. అక్కడే విచ్చుకుని లోపలి మందు కరుగుతుంది. కరిగిన డాక్సీసైక్లిన్ బాగా ఆమ్లం కాబట్టి పొరను కాల్చి పుండు చేస్తుంది. నిద్రలో ఉమ్మి ఊరడమూ గుటకలూ తగ్గిపోతాయి, కడిగే దిక్కుండదు.

ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, ఐరన్, పొటాషియం క్లోరైడ్ గోలీలదీ ఇదే పని.

పరిష్కారం: తర్వాతి డోసు వేసుకోకముందే మందు రాసిన డాక్టరును అడగండి. సిరప్‌కో వేరే మందుకో మారుస్తారు. గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. పుండు మానడానికి ఆమ్లం తగ్గించే గోలీ, సుక్రాల్‌ఫేట్ సిరప్ ఇవ్వొచ్చు. చల్లారిన జావ, పెరుగన్నం తినండి. ఆవకాయ, పొగలు కక్కే చాయ్, మద్యం కొన్నాళ్లు బంద్. చాలామందికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఇరుక్కుంది కదా అని ఎండు రొట్టె, అన్నం ముద్దలు కుక్కకండి. నెత్తురు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, నీళ్లు కూడా దిగకపోవడం ఉంటే అదే పూట దవాఖానాకు వెళ్లాలి. నొప్పి తగ్గకపోతే ఎండోస్కోపీ చేస్తారు.

మళ్లీ రాకుండా: ముందు ఒక గుక్క తాగి గొంతు తడుపుకుని, గ్లాసు నిండా, అంటే 200 నుంచి 250 మి.లీ. నీళ్లతో మింగండి. తర్వాత అరగంట నడుం వాల్చొద్దు.

సమస్య: ఎముకల కోసం వారానికో గోలీ వేసుకునే అమ్మకు మింగేటప్పుడు మంట.

అది అలెండ్రోనేట్ అయితే చాయ్‌తో వేసుకుంటున్నారేమో అడగండి. పరగడుపున, మామూలు నీళ్లతోనే వేసుకోవాలి. అరగంట ఏమీ తినకూడదు, పడుకోకూడదు. మంట మొదలైతే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. అరగంట కూర్చోలేని మనిషికి ఈ మందు పనికిరాదు.

సమస్య: తాతయ్యకు గోలీ వేసుకున్న కాసేపటికే గొంతులో గుచ్చుకుంటోంది.

మెడికల్ షాపులో స్ట్రిప్‌ను కత్తెరతో ముక్కలు చేసి రెండు, మూడు గోలీలు విడిగా ఇస్తారు కదా. చూపు ఆననివాళ్లు ఆ ముక్కను రేకుతో సహా మింగేస్తారు. కత్తిరించిన మూలలు అన్నవాహికను చీల్చగలవు. వాంతి చేయించొద్దు, ఏమీ తినిపించొద్దు, వెంటనే ఎండోస్కోపీ ఉన్న దవాఖానాకు తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు, అందుకే రేకుతో మింగారేమోనన్న అనుమానం మీరే చెప్పాలి. అలాంటి స్ట్రిప్ ముక్క ఇంట్లో ఇంకొకటి ఉంటే చూపించడానికి వెంట పట్టుకెళ్లండి.