స్పృహ లేని మనిషి కంటిపాప చూడటం

పత్తి చేలు ఎక్కువగా ఉండే చోట, ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని నేను. డ్యూటీకి కొత్తగా వచ్చే పిల్లలకి మొదటి రాత్రే చెప్పేది ఇదీ.

మనిషి రాగానే ఊపిరి, నాడి, గ్లూకోమీటర్‌తో షుగరు. అవి చూడకుండా టార్చి తీయొద్దమ్మా. షుగరు పడిపోయి స్పృహ తప్పినా కంటిపాపలు చాలాసార్లు మామూలుగానే ఉంటాయి.

తర్వాత వెలుగు వెయ్యకుండానే రెప్పలు ఎత్తి రెండు పాపల సైజూ పోల్చండి. అప్పుడు టార్చిని చెంప పక్కనుంచి కంటిమీదికి తేవాలి, ఎదురుగా కాదు. వెలుగు పడ్డ పాప ముడుచుకుందా? దాంతోపాటు రెండోదీ ముడుచుకుందా? అటువైపూ అలాగే చూడండి. కేసు షీట్లో "నార్మల్" అని రాసి వదిలేయకండి. "కుడి 3, ఎడమ 3 మి.మీ., చురుగ్గా, రాత్రి 11.40" అని రాయండి.

మా దగ్గర ఎక్కువ వచ్చేవి సూదిమొనంత పాపలు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, పురుగుమందు వాసన కూడా ఉంటే అది తాగినట్టే అనుకుని డాక్టరుగారిని పిలవండి. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పడితే పాపలు పెద్దవవుతాయి, కాబట్టి మొదటి డోసుకి ముందే కొలత చూసుకోండి. అందుకోసం డోసు మాత్రం ఆలస్యం చేయొద్దు. పాపలు విచ్చుకున్నాయని అట్రోపిన్ చాలనుకోవడం పెద్ద తప్పు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా లేదా అన్నదే లెక్క. పాపలు చిన్నవై, ఊపిరి బాగా నెమ్మదిస్తే నల్లమందు జాతి మందులు గుర్తుకు రావాలి. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లది తిరగబడిన కథ: పాపలు పెద్దవి, ఒళ్లు పొడిగా వేడిగా ఉంటుంది, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తారు.

ఒక రాత్రి బైకు మీంచి పడ్డ కుర్రాణ్ణి తెచ్చారు. కల్లు వాసన. "తాగి పడుకున్నాడు, పొద్దునకి లేస్తాడు" అన్నారు వెంట వచ్చినవాళ్లు. పాపలు రెండూ 3. నాకు మనసొప్పక 15 నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నా. మూడోసారి ఎడమది 5, వెలుగుకి మందంగా కదిలింది. పుర్రెలో రక్తం చేరి మెదడుని కిందికి తోస్తే పాపని ముడిచే నరం నలుగుతుంది, చాలావరకు అదే వైపు. మెడ కదలనీకుండా మంచం తలవైపు ఎత్తి, డాక్టరుగారిని లేపి, తలకి సీటీ స్కాన్ తీయించడానికి పెద్దాసుపత్రికి పంపించాం.

పాపల్లో తేడా కనిపిస్తే ఇంటివాళ్లని శుక్లం ఆపరేషన్ గురించీ, కంట్లో వేసే చుక్కల మందుల గురించీ అడగండి. కొందరికి 1 మి.మీ. దాకా సహజంగానే తేడా ఉంటుంది. కానీ స్పృహ తగ్గుతున్న మనిషిలో ఈ జవాబుల కోసం ఆగొద్దు. ముందు డాక్టరుగారికి ఫోను చేసి, తర్వాత అడగండి.