కీళ్ళ జ్వరం నుంచి కోలుకుంటూ రెండు మేకలను చూసుకోవడం

చికున్‌గున్యా అన్న మాట టాంజానియా దక్షిణ ప్రాంతంలోని మకొండె ప్రజల భాషలోనిది. మనిషిని వంచివేసేది అని దానికి అర్థం చెబుతారు. 1952లో అక్కడ చెలరేగిన జ్వరాలతోనే ఈ వ్యాధి వెలుగులోకి వచ్చింది. 2005 చివర మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌లో అది ఊళ్ళకు ఊళ్ళనే మంచం పట్టించినప్పుడు, మణికట్లు, చీలమండలు, వేళ్ళ కణుపులు పట్టివేయగా గోడ ఆసరాతో నడిచిన వారికి ఆ పేరులోని అర్థాన్ని ఎవరూ విడమరచవలసిన అవసరం లేకపోయింది. జ్వరం వారం పది రోజుల్లో తగ్గుతుంది. కీళ్ళ నొప్పులు మాత్రం కొందరిని వారాలపాటు, కొందరిని నెలలపాటు వదలవు. అవి తగ్గే లోపల ఇంట్లోని జీవాలకు మేత, నీళ్ళు చూడక తప్పదు.

మేకల పని దాదాపు అంతా వంగి చేసేదే. గూటం దిగ్గొట్టాలన్నా, పెంటికలు ఊడ్చాలన్నా, పాలు పితకాలన్నా, పిల్లను ఎత్తుకోవాలన్నా నడుము వంచాలి, మణికట్టు తిప్పాలి. ఆ పనులను నిలబడి గానీ ఎత్తుపీట మీద కూర్చుని గానీ చేసుకునేలా ఎలా మార్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. ఇందులో కొన్ని నేను కోలుకున్న ఏడాదిలో పొరపాట్లు చేసి నేర్చుకున్నవి.

మొదట లెక్క తేల్చుకోవాలి. మంద ఉన్నవారు రెండింటిని ఇంటి దగ్గర ఉంచుకుని, మిగిలిన వాటిని నమ్మకస్తులైన బంధువులకు పాలికి, అంటే వాటా మీద పెంచడానికి, ఇవ్వడం మంచిది. ఒక్కదానినే ఉంచుకుంటే అది తోడు కోసం రాత్రింబవళ్ళు అరుస్తుంది, మేత సరిగా ముట్టదు, అలిసి పడుకున్న మనిషికి నిద్ర ఉండదు. కొత్తగా కొనేవారు రెండో ఈతో మూడో ఈతో ఈనిన, నాలుగు లేదా ఆరు పళ్ళు వేసిన, పిల్లల చేతుల్లో పెరిగి మచ్చికైన మేకను ఎంచుకోవాలి. తొలిచూలు మేక చన్నులు చిన్నవి, దాని ఓపికా చిన్నదే. పోతును మాత్రం ఈ కాలంలో ఇంటికి తేవద్దు. వాసన సంగతి అటుంచి, అది సరదాగా ఒక్క పోటు పొడిచినా వాచిన మోకాలు మళ్ళీ పది రోజులు వెనక్కి పోతుంది.

మేకల దినచర్య ఈ రోగికి చక్కగా సరిపోతుంది. పచ్చిక మీద మంచు ఆరకముందు జీవాలను మేతకు విడవకూడదని పెద్దలు చెప్పే మాటకు కారణం ఉంది: ఆ తడిలో నట్టల (కడుపులో పెరిగే పురుగుల) పిల్లపురుగులు గడ్డి కొసలకు పాకి ఉంటాయి, మేతతోపాటు కడుపులోకి పోతాయి. చికున్‌గున్యా తరువాత కీళ్ళు బిగుసుకుని బాధించేది కూడా ఉదయం లేచిన వెంటనే. అందుచేత లేచీ లేవగానే దొడ్డిలోకి పరుగెత్తనవసరం లేదు. వేడినీళ్ళ కాపడం పెట్టుకుని, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పి, ఎనిమిది తొమ్మిది గంటల వేళకు కీళ్ళు కాస్త వదులైన తరువాత మేకలతో బయలుదేరితే వాటికీ మేలు, మనకూ మేలు. ఎండ ముదరక ముందే తిరిగి వచ్చి, మధ్యాహ్నం అవి చెట్టు నీడన నెమరు వేసేటప్పుడు మనమూ నడుము వాల్చవచ్చు. నడక దూరాన్ని తొలి వారం ఇంటి వెనుక కంచె వరకే ఉంచి, మరునాటి నొప్పిని బట్టి పెంచుకోవాలి. మరునాడు నొప్పి ఎక్కువైతే ఆ దూరం ఇంకా మనది కాదని అర్థం.

తాడు విషయంలో జాగ్రత్త చాలా అవసరం. తాడును చేతికి చుట్టుకుని మేకను నడిపించడం మనలో చాలామందికి అలవాటు. కుక్క మొరిగిందంటే మేక ఒక్కసారిగా గుంజుతుంది, ఆ కుదుపంతా మణికట్టు మీదే పడుతుంది. తాడు చివర పిడికిలి పట్టేంత ఉచ్చు వేసి వదులుగా పట్టుకోవాలి, గుంజితే వదిలివేయాలి. మచ్చికైన మేక ఎక్కడికీ పోదు, తవుడు డబ్బా చప్పుడు చేస్తే తిరిగి వస్తుంది. రెండింటినీ పట్టుకోవలసిన పని కూడా లేదు. పెద్దదానికి తాడు, మెడలో గంట ఉంటే చిన్నది దాని వెంటే నడుస్తుంది. గూటం కొట్టడం మానివేసి చెట్టుకో రాతి కూసానికో కట్టండి. పురికొస వంటి సన్నని తాడు ముడి వేళ్ళకు లొంగదు కనుక, తాడు కొసకు ఇనుప కొక్కెం వేయించుకుంటే ఒక్క నొక్కుతో విప్పవచ్చు. ఊరకుక్కలు గుంపుగా తిరిగే చోట కట్టిన మేకను ఒంటరిగా వదలవద్దు. కట్టి ఉన్న జీవం పారిపోలేదు, నొప్పులతో ఉన్న మనిషి సమయానికి అక్కడికి చేరలేడు.

మేత పెట్టడంలో మేక స్వభావమే మనకు సాయం చేస్తుంది. గొర్రె తల వంచి గడ్డి కొరుకుతుంది, మేక తల ఎత్తి ఆకు అందుకుంటుంది. కాబట్టి రొట్టను నేల మీద పరచకుండా కట్టగా కట్టి, మేక తల ఎత్తుకు కొంచెం పైన కొట్టం వాసానికి వేలాడదీస్తే దానికి ఇష్టం, మనకు వంగే పని తప్పుతుంది. మేత పెంటికల్లో పడి పాడుకాదు, నట్టల బెడదా తగ్గుతుంది. దోటితో కొమ్మలు కోయడం మాత్రం చేతులు పైకెత్తి చేసే పని గనుక ఇంట్లో కుర్రవాళ్ళకు అప్పగించాలి. పెద్ద మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. అవిసె, రావి, జువ్వి, రేగు, తుమ్మకాయలు, ఎండు మేతగా కంది పొట్టు, వేరుశనగ కట్టె దానికి ప్రియమైనవి. సుబాబుల్ మంచిదే కాని మేతలో మూడో వంతుకు మించనివ్వకూడదు. గన్నేరు ఆకు కొద్దిగా తిన్నా ప్రాణం పోతుంది. వానలు మొహం చాటేసి వాడిన లేత జొన్న పైరు, కోసిన తరువాత లేచిన జొన్న పిలకలు నాము వేస్తాయి, అంటే తిన్న జీవానికి విషమవుతాయి. మెల్లగా నడిచే మనిషి చేను గట్టు మీద మేకను పరుగెత్తి మళ్ళించలేడు కనుక, జొన్న చేల వైపు దారినే ఈ కాలానికి మానుకోవాలి.

ఇంకో సంగతి. మా వీధిలో పెళ్ళి జరిగిన మరునాడు, పాపం జబ్బు మనిషి మేత కోసుకు రాలేడని, ఇరుగుపొరుగు వారు మిగిలిన అన్నం, పులిహోర గంపతో తెచ్చి మా మేకల ముందు పోశారు. సాయంత్రానికి పెద్దమేక ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పశువైద్యులు వచ్చి కాపాడారు గాని, రెండు రోజులు అది లేవలేదు. అలవాటు లేని అన్నం, ధాన్యం ఒక్కసారిగా ఎక్కువ తింటే మేక కడుపులో పులుపు పెరిగి చచ్చిపోవచ్చు. దయగల వారికి ఈ మాట ముందే చెప్పి ఉంచాలి, వీలైతే దడి మీద రాసి పెట్టినా తప్పు లేదు.

నీళ్ళ తొట్టి గురించి ఎవరూ ఆలోచించరు. చికున్‌గున్యాను, డెంగీని మోసే దోమ పగలు కుడుతుంది, మురుగు కంటే నిలువ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. మేకలు మురికి నీళ్ళు ముట్టవని మనం తేటగా నింపి పెట్టే తొట్టి దానికి చక్కని పురిటిగది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు మార్చినంత మాత్రాన సరిపోదు, వారానికి ఒకసారైనా కొబ్బరి పీచుతో గోడలు రుద్ది కడగాలి. పెద్ద తొట్టిని వంచడం నొప్పుల మనిషికి సాధ్యం కాదు. ఐదారు లీటర్ల రెండు బకెట్లను నడుమంత ఎత్తు దిమ్మె పక్కన గోడ కొక్కేలకు తగిలించి, సాయంత్రం మిగిలిన నీరు మొక్కలకు పోసి బోర్లించడం తేలిక. ఒకసారి చికున్‌గున్యా వచ్చిన వారికి అది మళ్ళీ రావడం అరుదే గాని, ఇంట్లో మిగిలిన వారికి ఆ రక్షణ లేదు, డెంగీ విషయంలో ఆ భరోసా ఎవరికీ లేదు.

పాలు పితకడం వేళ్ళకు అసలైన పరీక్ష. బొటనవేలు మడిచి, దాని కణుపుతో చన్ను నొక్కి కిందికి లాగే పద్ధతి ఈ స్థితిలో పూర్తిగా విడిచిపెట్టాలి. బొటనవేలు, చూపుడువేళ్ళతో చన్ను మొదలును మూసి, మిగిలిన వేళ్ళను ఒకదాని తరువాత ఒకటిగా పిడికిలి మూసినట్లు మూయాలి. అప్పుడు భారం అరచేయి అంతటికీ పంచుకుంటుంది. మేక కింద గొంతుకూర్చోవడం బదులు మేకనే పైకి ఎక్కించండి. ఇంటి అరుగు ఇందుకు దేవుడిచ్చిన ఏర్పాటు. ఎత్తు ఎక్కడం మేకకు పుట్టుకతో ఉన్న సరదా కాబట్టి, గుప్పెడు తవుడు పెడితే నాలుగో రోజుకు పిలవకుండానే ఎక్కి నిలబడుతుంది. మనం కింద ఎత్తుపీట మీద కూర్చుంటే పొదుగు చేతుల ముందు ఉంటుంది. పిల్లలకు నెల నిండే వరకు పాలన్నీ వాటికే వదలడం మేలు. ఆ తరువాత రాత్రి పిల్లలను వేరుగా గంప కింద ఉంచి, ఉదయం మనకు కావలసినంత పితికి మిగిలినది వాటికి విడవాలి. వేళ్ళు ముడుచుకోని రోజున పితకనే వద్దు, పిల్లలను విడిచిపెడితే అవే ఖాళీ చేస్తాయి. పిల్లలు లేని పాడిమేక అయితే ఈ వెసులుబాటు ఉండదు. పొదుగు గట్టిపడి వేడెక్కక ముందే మరొకరి చేత పితికించాలి.

ఆ పాలను పొంగు వచ్చేదాకా కాచి తాగాలి. మేకల నుంచి మనుషులకు పచ్చిపాల ద్వారా, ఈనిన మాయ ద్వారా బ్రూసెల్లోసిస్ సోకుతుంది. విడిచి విడిచి జ్వరం, చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పి దాని లక్షణాలు. అది వచ్చినా చికున్‌గున్యా నొప్పులే ఇంకా తగ్గలేదనుకుని నెలలు గడిపే ప్రమాదం ఉంది. తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెడితే వైద్యుడికి మొదట చెప్పవలసిన మాట, ఇంట్లో మేకలున్నాయని. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాల కోసం గిన్నె పట్టుకుని వచ్చేవారు ఉంటారు, అడిగినంత ధర కూడా ఇస్తారు. ఆ నమ్మకానికి సరైన రుజువు లేదు; నీరసించిన రోగికి పచ్చిపాలు పట్టడం మరింత అపాయం. కాచి ఇస్తానని చెప్పండి, ఒప్పుకోకపోతే ఇవ్వకండి.

కాన్పు చేయడం, గిట్టలు కత్తిరించడం, మందు తాగించడం ఈ కాలంలో మీ పనులు కావు. మేక చూలు సుమారు 150 రోజులు కాబట్టి, పోతుకు చేర్చిన తేదీ రాసి పెట్టుకుంటే ఈనే వారానికి మనిషిని ముందే మాట్లాడుకోవచ్చు. మాయను చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టకూడదు. లోతుగా పూడ్చాలి, కుక్కలకు వేయకూడదు. జీవాలను హఠాత్తుగా చంపే చిటుకు రోగానికి టీకా తొలకరికి ముందే వేయించాలి. పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా నాలుగు నెలలు నిండిన పిల్లలకు వేయిస్తే సుమారు మూడేళ్ళు కాపాడుతుంది. పశువైద్యశాల దాకా నడవలేని వారు 1962 నంబరుకు ఫోను చేస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పాలికి ఇచ్చిన వాటిని ఎప్పుడు తిరిగి తెచ్చుకోవాలని చాలామంది అడుగుతారు. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: ఉదయం లేవగానే, కాపడం లేకుండా, నెల పిల్లను నేల మీద నుంచి రెండు చేతులతో ఎత్తి అరుగు మీద పెట్టగలగాలి. ఒక వారం వరుసగా అది చేయగలిగిన తరువాత మూడో మేకను తెచ్చుకున్నాను. నాలుగోది తేవడానికి మరో రెండు నెలలు పట్టింది.