చాయ్ కుదరడం లేదా? పత్తి మార్చే ముందు నీళ్లు చూడండి

నల్గొండ, పాలమూరు వైపు ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ల తర్వాత చేతికిచ్చేది చాయే. అది కుదరకపోతే చాయ్‌పత్తి మారుస్తాం, పాలు పోసే ఆయన్ని అనుమానిస్తాం. నా లెక్కలో చాలాసార్లు తప్పు గిన్నెలో అన్నిటికంటే ముందు పోసిన నీళ్లది. అందుకే వాటితోనే మొదలుపెడుతున్నాను.

చాయ్ మీద తెట్టె కడుతోంది, రంగు నల్లబడుతోంది

పాలు పోయని చాయ్‌ని గ్లాసులో పోసి రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన సన్నటి పొర ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. ఊదితే పగిలి, ముక్కలు గ్లాసు అంచుకు అంటుకుంటాయి. తాగాక లోపల గోధుమరంగు గీత మిగులుతుంది. పాల చాయ్‌లో దీన్నే మీగడ అనుకుని వదిలేస్తుంటాం.

కారణం బోరు నీళ్లలో ఉండే కాల్షియం, బైకార్బొనేట్లు. ఇవి తేయాకులోని వగరు పదార్థాలతో కలిసి, గాలి తగలగానే పొరగా తేలతాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటోందంటే, సబ్బు నురగ రావడం లేదంటే మీ చాయ్‌కీ ఇదే బాధ.

ఒకసారి పరీక్ష చేసి చూడండి. ఒకే పత్తి, ఒకే కొలత, మరిగించేది ఒకే సమయం. ఒక గ్లాసు బోరు నీళ్లతో, ఒకటి నల్లా నీళ్లతో, ఒకటి ఆర్‌ఓ ప్లాంటు నీళ్లతో పాలు లేకుండా కాచి, కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టండి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ల గ్లాసు మసకగా, నల్లగా ఉంటుంది. ఆర్‌ఓ గ్లాసు ఎర్రగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. ఇది చూశాక పత్తి కంపెనీని ఎవరూ తిట్టరు.

పరిష్కారం నీళ్లు మార్చడమే. పాలు లేని చాయ్ అయితే నాలుగు నిమ్మచుక్కలు పిండినా పొర విరిగి రంగు తేలుతుంది. ఒక్క జాగ్రత్త: ఆర్‌ఓ నీళ్లకు మారాక పాత కొలతే వేస్తే చాయ్ చేదెక్కవచ్చు. తేలిక నీళ్లు ఆకులోని సారాన్ని ఎక్కువగా లాగుతాయి, కాబట్టి పత్తి కాస్త తగ్గించాలి.

తాగేది క్యాన్ నీళ్లు, చాయ్‌కి మాత్రం బోరు నీళ్లు

ఇది రుచికి సంబంధించిన సమస్య కాదు, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. "ఎలాగూ మరుగుతాయి కదా, ఏమైతది?" అంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, కానీ బోరు నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు పెరుగుతాయి. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లకు ఫ్లోరైడ్ ఏం చేస్తుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. పళ్ల మీద గారలు, వంగని నడుములు కళ్లారా చూసిన ఊళ్లవి. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారంటే బాధ ఎంతటిదో అర్థమవుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట గరిష్ఠంగా 1.5 వరకు ఒప్పుకుంటారు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకులో మరీ ఎక్కువ. అంటే బోరు నీళ్ల చాయ్‌లో నీళ్ల ఫ్లోరైడ్, ఆకు ఫ్లోరైడ్ రెండూ కలుస్తాయి. అరగంట మరిగిన చాయ్‌లో ఇంకా ఎక్కువ దిగుతుంది.

చాయ్‌కి కూడా శుద్ధి చేసిన నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి. బోరు తప్ప దిక్కులేకపోతే ఒక సీసాలో నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. అప్పటిదాకా చాయ్‌లు తగ్గించండి, మరిగించేది తగ్గించండి. ఎదిగే పిల్లలకు ఆ చాయ్ అసలే పోయకండి. చాయ్‌లో బిస్కెట్ ముంచి తినిపించడం మనకు ముద్దుగానే ఉంటుంది కానీ, వాళ్ల పళ్లూ ఎముకలూ గట్టిపడే వయసు అది.

పాలు విరుగుతున్నాయి

ఏప్రిల్, మే ఎండల్లో బయట పెట్టిన పాలు మధ్యాహ్నానికే పులుపెక్కుతాయి. ముందు పాలను విడిగా కాచి చూడండి. అవి విరగకపోతే అల్లాన్ని అనుమానించండి. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, బాగా మరిగితే దాని బలం పోతుంది. కాబట్టి దంచిన అల్లాన్ని నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తర్వాతే పాలు పోయాలి.

బెల్లం చాయ్‌కి క్రమం వేరు. బెల్లంలో కొంత పులుపు గుణం ఉంటుంది, పాత బెల్లంలో ఎక్కువ. చాయ్ దించాక, పొంగు అణిగాక తురిమిన బెల్లం కలపండి. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లమైనా చక్కెరే, అందులో మినహాయింపు లేదు.

నాలుక పిడచ కట్టేంత వగరు

చిక్కదనం కోసం పత్తి ఎక్కువ వేయాల్సింది పోయి ఎక్కువసేపు మరిగిస్తున్నాం. ఇద్దరికి ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు పాలు, రెండు చిన్న చెంచాల పొడి. నీళ్లలో పొడి రెండు మూడు నిమిషాలు మరిగితే చాలు, పాలు పోశాక రెండు పొంగులు. గ్రీన్ టీ అయితే తెర్లే నీళ్లు అసలు పోయకండి. పొయ్యి ఆపి కాస్త చల్లారాక, 80 డిగ్రీల దగ్గర పోసి, రెండు మూడు నిమిషాలకు ఆకు తీసేయండి.

పుంటికూర పూల చాయ్ ఎర్రగా రావడం లేదు

ఎర్ర పుంటికూర కాయ చుట్టూ ఉండే మందపాటి రేకలను చలికాలంలో ఒలిచి, నీడలో ఎండబెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. కెఫీన్ లేదు, తేయాకు గొడవ లేదు. అందుకే మన జిల్లాలవాళ్లకు దీన్ని గట్టిగా చెబుతాను. కానీ ఉప్పు బోరు నీళ్లలో వేస్తే ఎరుపు పోయి మురికి ఊదా రంగుకు తిరుగుతుంది. నీళ్లలోని క్షార గుణమే కారణం. నిమ్మరసం పిండగానే ఎరుపు తిరిగొస్తుంది, ఇది కూడా మీ నీళ్లకు ఇంటి పరీక్షే. పుల్లటిది కాబట్టి అల్యూమినియం గిన్నెలో కాచకండి, స్టీలు వాడండి. బీపీ గోళీలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి తాగాలి, ఇది కూడా బీపీని దించుతుంది. గర్భిణులు మానేయడమే మంచిది.

తులసి చాయ్‌లో వాసన లేదంటే మూత లేకుండా కాచినట్టే. పొయ్యి ఆపాక ఆకులు వేసి, ఐదు నిమిషాలు మూత పెట్టండి.

చాయ్ తాగాక ఒంట్లో తేడా

పరగడుపున తాగితే ఛాతీలో మంట వస్తుంటే ముందు ఒక ముద్ద ఏదైనా తినండి. రాత్రి నిద్ర పట్టకపోతే సాయంత్రం చాయ్ సంగతి చూడండి. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం, రక్తం తక్కువని చెప్పారు, ఐరన్ గోళీలు వాడుతున్నా ఫలితం లేదు: ఇది ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది. గోళీ ఎప్పుడు వేసుకుంటున్నారో అడిగితే, అన్నం తిని చాయ్‌తో పాటే అంటారు. చాయ్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు కూరగాయలు, పప్పుల నుంచి, గోళీ నుంచి వచ్చే ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. అన్నానికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి, గోళీని నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. అయినా నీరసం తగ్గకపోతే మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్‌కు చూపించండి.