జబ్బే లేదంటున్న మనిషిని వైద్యానికి ఎలా ఒప్పించాలి? స్కిజోఫ్రెనియా ఉన్నవారి ఇంట్లోవాళ్ల కోసం

స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో ఇంచుమించు సగం మంది "నాకేం జబ్బు లేదు" అంటారు. ఇంట్లోవాళ్లకి అది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి తన స్థితిని తాను గమనించుకునే శక్తినే ఈ జబ్బు దెబ్బతీస్తుంది. రిపోర్టులు ముందు పెట్టి వాదిస్తే నమ్మకం పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

బ్రిటిష్ మానసిక వైద్యుడు ఆంథోనీ డేవిడ్ 1990లో ఒక ఉపయోగపడే మాట చెప్పారు. జబ్బుందని ఒప్పుకోవడం ఒకటి, చెవిలో వినిపించే గొంతులు జబ్బు వల్లేనని గుర్తించడం ఇంకొకటి, మందు వేసుకోవడం మరొకటి. మొదటి రెండూ లేకుండానే మూడోది జరగొచ్చు. మీ ప్రయత్నమంతా ఆ మూడోదాని మీదే పెట్టండి.

1. ముందు ఇంట్లో మాట్లాడుకునే తీరు మార్చండి

ముఖం చూసి భావం పసిగట్టడం, మాట వెనక ఉద్దేశం ఊహించడం ఈ జబ్బులో కష్టమవుతాయి. అలసిపోయిన ముఖం కోపంగా కనిపిస్తుంది. దానికి తోడు తొందరగా ఒక నిర్ణయానికి వచ్చేయడం. దీన్ని పూసల పరీక్షతో చూస్తారు. ఒక జాడీలో నూటికి 85 ఒక రంగు పూసలు, 15 ఇంకో రంగువి. రెండో జాడీలో తారుమారు. ఒక్కో పూస తీసి చూపిస్తూ ఇది ఏ జాడీయో చెప్పమంటే, భ్రమలున్నవాళ్లలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారు.

ఇంట్లోనూ అదే జరుగుతుంది. వంటింట్లో ఇద్దరు గొంతు తగ్గించి కరెంటు బిల్లు గురించి మాట్లాడుకున్నా, అది తన గురించేనని ఖాయం చేసుకుంటారు. అందుకే గుసగుసలు మానండి. ఎత్తిపొడుపులు, సామెతలు, ద్వంద్వార్థాలు వద్దు. టీవీ కట్టేసి, ఒకరే, ఒకసారికి ఒక్క విషయం చెప్పండి. మీ మనసులో ఉన్నది మాటల్లోనే పెట్టండి: "నాకు కోపం లేదు నాన్నా, రాత్రి నిద్ర లేక ముఖం ఇలా ఉంది." జవాబు కోసం తొందరపెట్టకండి.

2. వినండి, తీర్పు చెప్పకండి

"పక్కింటివాళ్లు నా ఫోన్ వింటున్నారు" అంటే, "అదంతా నీ భ్రమ" అనకూడదు, "అవును, వింటున్నారు" అనీ అనకూడదు. "అలా అనిపిస్తే ఎంత భయమేస్తుందో" అనండి. భయం నిజమే కాబట్టి అందులో అబద్ధం లేదు.

"నువ్వు నమ్ముతున్నావా లేదా?" అని నిలదీస్తే వెంటనే జవాబివ్వకండి: "చెప్తాను, ముందు నువ్వు చెప్పేది పూర్తిగా విననీ." మళ్లీ మళ్లీ అడిగితే మెత్తగా చెప్పండి: "నాకు వేరేలా అనిపిస్తోంది. నేను పొరపడి ఉండొచ్చు. దీని గురించి మనం గొడవపడొద్దు." అక్కడితో ఆపేయండి. ఇదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు, ఎందుకంటే ఒక్క మాట ఎక్కువైతే మళ్లీ వాదన మొదలవుతుంది.

3. తనే ఒప్పుకునే ఇబ్బందిని పట్టుకోండి

జబ్బు లేదనేవాళ్లు కూడా నిద్ర పట్టట్లేదనో, గుండె దడగా ఉందనో, పనిలో మనసు నిలవట్లేదనో అంటారు. డాక్టరు దగ్గరికి ఆ నిద్ర కోసమే వెళ్లండి. గుడికని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్తే రెండోసారి మీ వెంట రారు. భ్రమలు, గొంతుల సంగతి డాక్టరుకి ముందే కాగితం మీద రాసివ్వండి.

4. మందు మానడానికి కారణం కనుక్కోండి

చాలాసార్లు అసలు కారణం చేతుల వణుకు, ఒకచోట కూర్చోలేని అలజడి, మత్తు, బరువు పెరగడం. డాక్టరుకి చెబితే మోతాదో మందో మార్చగలరు. రోజూ మాత్ర దగ్గర గొడవైతే, రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్ గురించి అడగండి.

మజ్జిగలో, కూరలో మాత్ర కలపడం మన ఇళ్లలో మామూలే. దయచేసి అలా చేయకండి. ఒక్కసారి దొరికిపోతే "విషం పెడుతున్నారు" అన్న భ్రమకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టు, అన్నమూ మానేస్తారు. సగం గిన్నె వదిలేస్తే ఎంత మందు లోపలికెళ్లిందో తెలియదు. క్లోజపిన్ అనే మందైతే మరీ ప్రమాదం. దానికి మొదట్లో వారం వారం రక్తపరీక్ష ఉండాలి, రెండు రోజులు మించి ఆగితే డాక్టరు చెప్పినట్టు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి.

5. ప్రమాదం కనిపిస్తే

చనిపోతానన్నా, ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నా, తిండీ నీళ్లూ పూర్తిగా మానినా ఒప్పించే పనిలో ఉండకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇలాంటప్పుడు నామినేట్ చేసిన ప్రతినిధి (జబ్బున్న మనిషి తన తరఫున ఎంచుకున్నవారు) దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో, మనిషి కుదురుగా ఉన్న రోజుల్లోనే తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. సలహా కావాలంటే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

6. "నాకు జబ్బుంది" అన్నాక

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయమిది. కానీ పోయిన చదువు, ఉద్యోగం, తప్పిన పెళ్లి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి దిగులు కమ్ముకునేదీ, ఆత్మహత్య ఆలోచనలు పెరగగలిగేదీ ఇప్పుడే. "ఇప్పటికైనా ఒప్పుకున్నావు" అని ఎవరూ అనకుండా చూడండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, పురుగుమందు అందకుండా పెట్టి, ఆ రోజే డాక్టరుకి చూపించండి.