వెంటిలేటర్ నేర్చుకుందాం – 3: వాల్యూమ్ కంట్రోల్, ప్రెషర్ కంట్రోల్

పోయిన పాఠంలో పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి) చూశాం. ఇప్పుడు మిషన్ ఊపిరి ఇచ్చే రెండు పద్ధతులు. వాల్యూమ్ కంట్రోల్‌లో ఎంత గాలి పోవాలో మనం పెడతాం, ఎంత ఒత్తిడి పడుతుందో ఊపిరితిత్తులు తేలుస్తాయి. ప్రెషర్ కంట్రోల్‌లో తారుమారు. ఏ మోడ్‌లోనైనా మనం పెట్టని అంకె మీదే కన్నుండాలి.

కోవూరు పక్క పల్లెలో రాత్రి నేలమీద పడుకున్నాయన్ని కట్లపాము కరిచింది, ట్యూబు వేసి నెల్లూరు ఐసీయూకి తెచ్చారనుకోండి. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, కండరాలు పడిపోయాయి. వాల్యూమ్ కంట్రోల్ చాలు.

ఒక్కో ఊపిరికి ఎంత గాలి పెట్టాలో ఎత్తుకి తగ్గ బరువుని బట్టి తేలుతుంది. ముందు టేపుతో తల నుంచి మడమ దాకా కొలవండి. సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి, 0.91తో హెచ్చవేసి, మగవాళ్లకి 50, ఆడవాళ్లకి 45.5 కలపాలి. 165 సెం.మీ. మగమనిషికి 61.5 కిలోలు వస్తుంది. కిలోకి 6–8 మి.లీ. లెక్కన ఊపిరికి 370 నుంచి 490 మి.లీ. కేస్‌షీట్‌లో ఉన్న బరువుతో లెక్క కట్టకండి. ఒళ్లు వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరే తీవ్రమైన జబ్బు) రోగుల మీద 2000లో వెలువడిన అధ్యయనంలో కిలోకి 12 మి.లీ. ఇచ్చినవాళ్లలో 39.8 శాతం చనిపోతే, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం.

ఇంతలో హై ప్రెషర్ అలారం మోగింది, పీక్ (ఊపిరి ఇచ్చేటప్పుడు పడే గరిష్ఠ ఒత్తిడి) 42. సైలెన్స్ నొక్కి వెళ్లిపోవద్దు. ఇన్‌స్పిరేటరీ హోల్డ్ అర సెకను పట్టి (లోపలికి పోయిన గాలిని కాసేపు ఆపి) ప్లాటో, అంటే గాలి కదలనప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి, చూడండి. ప్లాటో 18 అయితే అడ్డం దారిలో ఉంది: కఫం, మడత పడ్డ ట్యూబు, సర్క్యూట్‌లో నిలిచిన నీళ్లు, బిగుసుకున్న శ్వాసనాళాలు. ప్లాటో కూడా 30 దాటితే ఊపిరితిత్తే సాగడం లేదు. ట్యూబు కుడివైపుకి దిగిందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా? రెండు పక్కలా స్టెత్ పెట్టి వినండి, డాక్టర్ని పిలవండి. ఆక్సిజన్ పడిపోతుంటే మిషన్ విప్పేసి, ఆక్సిజన్ పెట్టిన అంబూతో (చేత్తో నొక్కే సంచితో) ఊపిరి ఇవ్వండి.

అదే కఫం ప్రెషర్ కంట్రోల్‌లో అడ్డుపడితే పీక్ కదలదు. బయటికొచ్చే టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరి గాలి) 420 నుంచి 250కి, 180కి జారిపోతుంది. అందుకే ఈ మోడ్‌లో లో వాల్యూమ్ అలారం లిమిట్ మరీ కింద పెట్టకూడదు. పురుగుమందు తాగినవాళ్లకి కఫం ఊరుతూనే ఉంటుంది, వాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త.

ఇంకో సంగతి. కట్లపాము కాటు మనిషి కన్ను తెరవకపోయినా, కంటిపాప వెలుతురికి కదలకపోయినా, తెలివితోనే ఉండొచ్చు. సక్షన్ చేసే ముందు ‘అన్నా, గొంతులో కఫం తీస్తున్నాం’ అని చెప్పి మొదలుపెట్టండి.

వచ్చే పాఠం: ప్రెషర్ సపోర్ట్.