ఎంఏ హిస్టరీ, ఐఆర్ (ఇంటర్నేషనల్ రిలేషన్స్) వాళ్లు టర్మ్ పేపర్ ఎలా రాయాలి?

ప్రతి సెమిస్టర్ చివర్లో ముగ్గురో నలుగురో జూనియర్లు నా దగ్గరికొస్తారు, చేతిలో ముప్పై పేజీల ప్రింటవుట్, "అన్నా ఒక్కసారి చూడవా, రేపే సబ్మిషన్" అని. చూస్తే ఏముంటుంది, అసఫ్‌జాహీల పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టి 1948 సెప్టెంబర్ 17 దాకా టైమ్‌లైన్. ఇరవై ఎనిమిది పేజీలు నేపథ్యం, రెండు పేజీలు అసలు విషయం, చివర ఒక దండం. గ్రూప్స్ నోట్స్‌కీ టర్మ్ పేపర్‌కీ తేడా తెలియకుండా డిగ్రీ నుంచి పైకి పంపించేస్తున్నారు పిల్లల్ని, వాళ్లనని ఏం లాభం.

అందుకే ఒకసారి రాసి పడేస్తున్నా. ఉదాహరణగా 1948లో ఇండియా మీద హైదరాబాద్ సంస్థానం పెట్టిన కేసు ఐక్యరాజ్యసమితికి (ఐరాసకి) వెళ్లిన ముచ్చట తీసుకుంటా, ఎందుకంటే అందులో హిస్టరీ ఉంది, ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఉంది, పైగా కాగితాలు తేలిగ్గా దొరుకుతాయి.

కావాల్సినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, నాలుగు పెన్సిళ్లు, డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్. పెన్సిలే ఎందుకంటే ఆర్కైవ్స్‌లో పాత కాగితాల పక్కన ఇంకు పెన్ను తీస్తే ఊరుకోరు. లాప్‌టాప్ ఉంటే ఉండనీండి, నోట్సు మాత్రం చేత్తోనే రాయాలి. టైప్ చేస్తే వేళ్లు రాస్తాయి గానీ బుర్ర రాయదు. ఇది నా అలవాటు అనుకోకండి, రూలే.

టాపిక్ కాదు, ప్రశ్న

"హైదరాబాద్ సంస్థాన విలీనం" అనేది టాపిక్ కాదు, అది లైబ్రరీలో ఒక బీరువా. ప్రశ్న ఇలా ఉండాలి: 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐరాస భద్రతా మండలి తలుపు తట్టినప్పుడు తనని తాను ఏమని చెప్పుకుంది, ఇండియా దాన్ని ఏ మాటలతో కొట్టేసింది? అంతే. ఇంతకంటే పెద్ద ప్రశ్న తీసుకుంటే మూడు నెలల్లో తెమలదు.

చదవడం, వెతకడం

మంచి పుస్తకాలు రెండు, వ్యాసాలు మూడు చాలు. ఫుట్‌నోట్లు ముందు చదవండి, పుస్తకం తర్వాత. ఎవరు ఏ కాగితం చూసి రాశారో ఫుట్‌నోట్‌లోనే ఉంటుంది. యూట్యూబ్‌లో గంటన్నర వీడియో చూశాను సార్ అనేవాళ్లకి నేను చెప్పేదేం లేదు.

భద్రతా మండలి కాగితాలు ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఫ్రీగా దొరుకుతాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లకి అభిలేఖ్ పటల్ అని పోర్టల్ ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన పాత టెలిగ్రాములు సంపుటాలుగా వేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. నిజాం సర్కారు ఫైళ్లు కావాలంటే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, ఉర్దూ, ఫార్సీ రాకపోతే ఇంగ్లీషు ఫైళ్లకే పరిమితమై ఆ మాట పేపర్లో ఒప్పేసుకోండి, సిగ్గేం లేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎవరైనా చేస్తారు. చెడిపోయేది ఇక్కడి నుంచే.

కాగితం చదవడం

డాక్యుమెంట్ దొరగ్గానే అందరూ చేసే పని, అందులో తమకి పనికొచ్చే రెండు వాక్యాలు ఏరుకుని పేపర్లో అతికించడం. అది చదవడం కాదు, పులిహోరలో జీడిపప్పు ఏరుకోవడం. కాగితం చేతికి రాగానే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన నాలుగు మాటలు రాయండి: ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏం కావాలని. ఈ నాలుగూ నిండేదాకా లోపలి మాట ఒక్కటి కూడా కాపీ చెయ్యొద్దు.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలి అధ్యక్షుడికి పంపిన కేబుల్, అంటే టెలిగ్రాం, తీసుకోండి. చాలామంది "నిజాం ఐరాసకి ఫిర్యాదు చేశాడు" అని ఒక్క లైను రాసి పక్కకెళ్లిపోతారు. కాస్త ఆగి చూడండి. ఆ కేబుల్ ఐరాస చార్టర్‌లో (దాని మూల ఒప్పందంలో) 35వ అధికరణం రెండో క్లాజును పట్టుకుని మొదలవుతుంది. ఆ క్లాజు ఏమంటుందంటే, సభ్యత్వం లేని రాజ్యం కూడా తను ఒక పక్షంగా ఉన్న వివాదాన్ని మండలి ముందు పెట్టొచ్చు అని. రాజ్యం! అంటే ఆ క్లాజు పేరెత్తడంతోనే మేమొక రాజ్యం అని హైదరాబాద్ చెప్పేసుకుంది. వివాదం కూడా హైదరాబాద్‌కీ ఇండియాకీ "మధ్య" అంటుంది, ఇద్దరు సమానులు తగువు పడ్డట్టు. వాదన మొదలవ్వకముందే సగం వాదన అయిపోయింది, అదీ కాగితం చేసే పని.

ఇప్పుడు ఇటువైపు. ఇండియా దాన్ని మా ఇంటి విషయం అంది. 1947 నవంబర్ 29న నిజాంకీ ఇండియాకీ మధ్య కుదిరిన యథాతథ ఒప్పందం చూస్తే ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుంది, విదేశీ వ్యవహారాలు అంతకుముందు బ్రిటిష్ వాళ్ల దగ్గర ఎలా ఉన్నాయో అలాగే ఢిల్లీ దగ్గర ఉంటాయని దాని సారాంశం. ఇక 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, ట్యాంకులతో సహా. దానికి సైన్యం లోపల పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో, బయటికి చెప్పిన పేరు పోలీస్ యాక్షన్. మేజర్ జనరల్ నడిపించినదానికి పోలీస్ చర్య అని పేరేంటి అని అడగాలి మీరు. పోలీసులు సొంత ఊళ్లోకే వెళ్తారు, పక్క దేశంలోకి వెళ్లరు కదా. చార్టర్ రెండో అధికరణం ఏడో క్లాజు, దేశాల అంతర్గత విషయాల్లో ఐరాస తలదూర్చకూడదంటుంది. ఆ పేరు ఆ క్లాజుకి అతికినట్టు సరిపోతుంది.

ఐఆర్ వాళ్లు ఇక్కడ ఇంకో అడుగు వెయ్యాలి. ఏడాది పైచిలుకు ముందు, 1947 జులైలో, ఇండోనేషియా మీదికి సైన్యాన్ని పంపి డచ్చివాళ్లు పెట్టిన పేరు కూడా పోలీస్ చర్యే, వాళ్లు కూడా ఇది మా ఇంటి విషయం అన్నారు. ఆ కేసుని మండలికి తీసుకెళ్లింది ఎవరో తెలుసా, ఆస్ట్రేలియా, ఇండియా. ఇది చూడగానే మీ చెయ్యి దురదపెడుతుంది, "ఇండియా ద్వంద్వ వైఖరి" అని హెడ్డింగ్ పెట్టేద్దామని. వద్దు! ఇండోనేషియా వాళ్లకీ డచ్చికీ ఉన్న సంబంధం ఏంటి, హైదరాబాద్‌కీ ఢిల్లీకీ ఉన్న సంబంధం ఏంటి, రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా తీర్పు ఇస్తే ఎడిటోరియల్ అవుతుంది, పేపర్ కాదు. అలాగని పోలిక దాచిపెట్టడం ఇంకా తప్పు. రెండూ రాయండి, తేడా చెప్పండి.

అసలు పరీక్ష ఇంకో కాగితం. సెప్టెంబర్ 16న ప్యారిస్‌లో మండలి ఈ విషయాన్ని ఎజెండాలోకి తీసుకుంది, 17న నిజాం లొంగిపోయాడు, 22 తేదీతో నిజాం నుంచి ఐరాసకి ఇంకో టెలిగ్రాం, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను, అక్కడున్న ప్రతినిధి బృందానికి ఇక ఏ అధికారం లేదు అని. నెల తేడాలో రెండూ హైదరాబాద్ మాటే. "నిజాం మనసు మార్చుకున్నాడు" అని రాసిన పేపర్లు నేను ఇప్పటికి నాలుగు చూశాను. ఆ నాలుగు మాటల పేజీ నింపి ఉంటే ఈ తప్పు జరగదు: ఎవరు అనే చోట, మొదటిదాని వెనక హైదరాబాద్ ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం, రెండోదాని నాటికి ఊళ్లో భారత సైన్యం. అలాగని బెదిరించి రాయించారు అనీ రాయొద్దు, ఆధారం చూపించకుండా. హైదరాబాద్ తరఫున వెళ్లిన మొయిన్ నవాజ్ జంగ్ బృందం ప్యారిస్‌లో ఆ టెలిగ్రాంని ఒప్పుకోలేదు, ఆ అభ్యంతరాన్ని వాళ్ల వాదనగా రాయండి, మీ తీర్పుగా కాదు.

కాగితంలో లేనిది కూడా చూడాలి. ఆగస్టు కేబుల్‌లో ఆర్థిక దిగ్బంధం ఉంది, దాడి చేస్తామనే బెదిరింపులు ఉన్నాయి. రజాకార్ల చేతిలో కాలిన ఊళ్లు, భూమి కోసం తుపాకీ పట్టిన నల్లగొండ, వరంగల్ రైతులు మాత్రం అందులో వెతికినా కనపడరు. ప్యారిస్‌కి ఊరి మాట వెళ్లలేదు. పేపర్లో ఒక పేరా దీనికి ఇవ్వండి.

తేదీల దగ్గర మాత్రం చేతులు జోడించి చెప్తున్నా. నిజాం ఫైళ్లలో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకి వాడిన పాత క్యాలెండర్, ఉంటుంది. ఆంధ్ర వైపు రెవెన్యూ ఫసలీ జులై 1న మొదలవుతుంది, నిజాం ఫసలీ అక్టోబర్ మొదటి వారంలో, అజూర్ నెలతో. రెండూ ఒకటే అనుకుని లెక్కేస్తే మునిగినట్టే. నేను మునిగాను. ఎంఏ రెండో సెమిస్టర్లో అజూర్ 1357 అని ఉన్న కాగితానికి గుడ్డిగా 591 కలిపి 1948 అనేశాను. అది 1947 అక్టోబర్, అంటే యథాతథ ఒప్పందం కూడా కాలేదింకా. నేనేమో ఆ కాగితాన్ని పోలీస్ యాక్షన్ తర్వాత రాసిందిగా పెట్టి దాని మీద ఆరు పేజీల వాదన కట్టాను. వైవాలో మేడమ్ ఏమీ అనలేదు, పెన్సిల్‌తో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి పేపర్ నా వైపు తిప్పారు, అంతే. నిజాం ఫసలీ ఏడాది మొదట్లో నెలలకి, అంటే డిసెంబర్ దాకా, 590 కలపాలి, జనవరి వచ్చాక 591. ఈ లెక్క నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి.

జ్ఞాపకాలు రాసిన పెద్దలున్నారు, హైదరాబాద్‌లో ఇండియా ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ, ఢిల్లీలో సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్, ఇటువైపు లాయక్ అలీ, ముగ్గురూ తర్వాతెప్పుడో రాశారు, ఎవరికి వాళ్లు తమ పక్షాన. చదవండి, బాగుంటాయి కూడా, కానీ 1948లో ఏమనుకున్నారో చెప్పడానికి 1948 కాగితమే ముందు, జ్ఞాపకం తర్వాత. మీనన్ మీద మొత్తం పేపర్ నడిపేసే వాళ్లు మీనన్ గుమస్తాలు, చరిత్రకారులు కాదు.

ఇక రాయడం

నేపథ్యం రెండు పేజీలు దాటొద్దు. మొదటి పేజీలోనే ప్రశ్న, రెండో పేజీ అయ్యేలోపు కేబుల్ టేబుల్ మీద ఉండాలి. పేరు వాడేటప్పుడు ఎవరి పేరు వాడుతున్నారో చెప్పండి: విమోచన, విలీనం, దాడి, పోలీస్ యాక్షన్, ఒక్కో మాటకి ఒక్కో పార్టీ ఉంది. సెప్టెంబర్ 17ని 2022లో కేంద్రం విమోచన దినం అంది, అదే రోజు తెలంగాణ రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. మీరేమో పేరాకో పేరు మారుస్తూ పోతే గైడ్‌కి తలనొప్పి.

ఫుట్‌నోట్‌లో డాక్యుమెంట్ నంబర్, తేదీ, ఎక్కడ చూశారో రాయాలి. ఆగస్టు కేబుల్‌ది ఎస్/986. "ఇంటర్నెట్" అని రాస్తే నాకు చూపించొద్దు. ముగింపు అర పేజీ, అందులో కొత్త విషయం పెట్టకండి. ప్రింట్ తీశాక ఒక రాత్రి పక్కన పెట్టి పొద్దున్నే పైకి చదవండి, తేదీలన్నీ నోట్‌బుక్‌తో ఇంకోసారి సరిచూసుకోండి, స్పైరల్ బైండింగ్ వద్దు, స్టేపుల్ చాలు.